పాచి, ఉడుము, జోగారావు

జోగారావు తన పరిశోధన ఏమిటని ఎవరడిగినా మాటల్తో చెప్పేవాడు కాదు. ప్రయోగశాల ప్రహరీగోడ దగ్గరికి తీసుకెళ్లేవాడు. మే నెల ఎండకి నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలే పాచిని చాకుతో గీకి టీ సాసర్లో వేసేవాడు. పైన కాసిని నీళ్లు చిలకరించి, "మీరు టీ తాగండి, ఈలోగా దాని పని అది చూసుకుంటుంది" అనేవాడు. టీ అయిపోయేసరికి సాసర్లో పచ్చటి, మెత్తటి ముక్క ఒకటి నిగనిగలాడుతూ ఉండేది.

"చచ్చిపోయిందనుకున్నారు కదూ? ఆగిందంతే" అని పిల్లాడిలా నవ్వేవాడు.

ఒంట్లో నీళ్లు ఆవిరైపోతున్నప్పుడు పాచి తన కణాల నిండా ఒకరకం చక్కెర నింపుకుంటుంది. అది పాకంలా గట్టిపడి లోపలి సామాను ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది, పల్లీపట్టీలో పల్లీల్లాగా. నీళ్లు తగలగానే పాకం కరిగి అన్నీ మళ్లీ కదులుతాయి. ఆ పాకాన్ని జంతువుల ఒంట్లోకి ఎక్కించే పద్ధతి కనిపెట్టాలని జోగారావు పదిహేనేళ్లు పట్టు వదలకుండా పనిచేశాడు. ఆయన భార్య కౌసల్య పశువుల డాక్టరు. ఆయన తయారుచేసిన పాకాన్ని కప్పలకీ, తొండలకీ ఎక్కించి చూసే పని ఆవిడది. మొదట్లో అన్నీ చచ్చాయి. తరవాత కొన్ని లేచాయి. ఆ తరవాత అన్నీ లేచాయి.

అలా లేచినవి తింటున్నాయా, నడుస్తున్నాయా, గుడ్లు పెడుతున్నాయా అని చూశారు. అంతకన్నా ఒక తొండని ఏమడుగుతారు?

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం వైపు తిరిగిన కొండ మీద ఉండేది వాళ్ల ప్రయోగశాల. దాని వెనకే ఒక పెద్ద ఆవరణలో నూకాలు ఉండేది. నూకాలు కొమోడో ఉడుము. పదడుగుల పొడవు, ఏనుగు చర్మంలాంటి చర్మం, పసుపుపచ్చటి నాలుక. చుట్టుపక్కల వాళ్లు రాకాసి ఉడుమనేవారు. సముద్రం పైకొచ్చి దాని జాతి బతికే దీవులు సగం మునిగాయి. మిగిలినవాటిని ఏదో జ్వరం పట్టుకుంది. ఆ జ్వరం పాకని దేశం లేదు. ఒక్కో జంతుశాలలో ఒక్కోటీ పోగా, ఆడవాటిలో గుడ్లు పెట్టే వయసున్నది నూకాలొక్కతే మిగిలింది.

దానికి ఆ పేరు పెట్టింది లక్ష్మునాయుడు. అది దక్షిణాది జంతుశాల ఒకదానిలో గుడ్డులోంచి బయటపడి, అక్కడే పెరిగి, లేతవయసులో లారీలో విశాఖ వచ్చినప్పటి నుంచి దాని కాపలా అతనిదే. ఇనప బకెట్టు మీద కర్రతో టంగుటంగుమని కొడితే చాలు, నూకాలు ఎక్కడున్నా పొట్ట ఈడ్చుకుంటూ వచ్చేది. మేకమాంసం తిన్నాక దవడ ఎత్తి నిలబడేది. అతను గొంతు కింద గోకాలి, అదీ బేరం. గోకుతుంటే కళ్లు మూసుకునేది. సందర్శకులు గ్రిల్లు బయట గుండెలు అరచేతిలో పెట్టుకుని చూసేవారు.

జ్వరం మద్రాసు దాకా వచ్చిందని తెలిసిన వారమే నూకాలుని ఎండబెట్టాలని నిర్ణయించారు. ఆ జబ్బుకి టీకా దొరికేదాకా, ఎక్కడైనా ఒక మగది బతికి పెద్దయ్యేదాకా దాన్ని ఆపి ఉంచాలి. మత్తిచ్చి, పాకం ఎక్కించి, రోజుల తరబడి ఒంట్లో నీరు లాగారు. చివరికది ఇద్దరు మనుషులు అనాయాసంగా ఎత్తగలిగే ఎండు మొద్దులా తయారైంది. గాజుపెట్టెలో పెట్టి మూసేముందు లక్ష్మునాయుడు వంగి, "తొంగోయే నూకాలూ, ఆనక నానే లేపుతాను" అన్నాడు.

ఆ చలికాలంలోనే జోగారావుకి దగ్గు పట్టుకుంది.

ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోయే జబ్బు అన్నారు. మందు లేదు, విదేశాల్లో ఎక్కడో ప్రయత్నిస్తున్నారు, రావడానికి ఏళ్లు పడుతుంది. జోగారావు మూడు మెట్లెక్కితే ఆగిపోయే స్థితికి వచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కూతురు తరళ కాలేజీకి వెళ్లాక, మజ్జిగ పోసుకుంటూ చాలా మామూలుగా అన్నాడు.

"నన్నూ ఎండబెట్టెయ్యి కౌసల్యా."

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నూకాలు ఇంకా లేవలేదు. ముందు దాన్ని లేవనివ్వండి. అది బాగుంటే అప్పుడు చూద్దాం."

"దాన్ని లేపేది టీకా దొరికాక. అప్పటిదాకా నేనుండొద్దూ?"

"తొండలూ కప్పలూ వేరు. మనిషి వేరు."

"మా ఊళ్లో చేపల్ని ఎండబెట్టడం అందరికీ వచ్చు. మళ్లీ ఈదించడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నామీద నాకు నమ్మకముంది. నీకు లేదా?" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు తగ్గాక నవ్వలేదు. "ఇలా ఉంటే వచ్చే వానలు చూడను. నీకు తెలుసు."

తెలుసు. ఎక్స్‌రేలు ఆవిడా చూసింది. వారం రోజులు పోట్లాడారు. తరళ తండ్రి పక్షం తీసుకుంది. ఇంటర్ చదివే పిల్ల, తండ్రి చచ్చిపోవడానికీ నిద్రపోవడానికీ మధ్య నిద్రనే కోరుకుంది. అనుమతులకి ఢిల్లీ చుట్టూ తిరిగినవాడు ప్రయోగశాల డైరెక్టర్ ఉమాపతి. పాచికి లేని బెంగ మనకెందుకు అంటూ జోగారావు సంతకాలు పెట్టాడు.

గాజుగదిలోకి వెళ్లేముందు భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నా ఊపిరికి మందొచ్చాకే లేపు. ముందే లేపావంటే నన్ను తిన్నగా శ్మశానానికి పంపినట్టే. మాటివ్వు."

కౌసల్య మాటిచ్చింది.

*

రెండు వానాకాలాలు గడిచాక జ్వరానికి టీకా వచ్చింది. యూరప్‌లో ఒక జంతుశాల తమ దగ్గర పుట్టిన మగపిల్ల పెద్దదైందని కబురు చేసింది. నూకాలుని లేపే రోజున విలేకర్లు కొండ కింద దాకా బారులు కట్టారు. కౌసల్య నీళ్లతొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచింది. చాలాసేపటికి అరచేతి కింద ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టుకుంది. ఆగింది. మళ్లీ కొట్టుకుంది.

"లేస్తున్నాది అమ్మా!" అన్నాడు లక్ష్మునాయుడు, ఏడుస్తూ.

మూడోనాటికి నూకాలు నాలుగు కాళ్లమీదా నిలబడింది. ఐదోనాడు కోడిని మింగింది. కౌసల్య ఆ సాయంత్రం ఇంటికొచ్చి బీరువాలోంచి జోగారావు చొక్కాలు తీసి ఉతికి ఆరేసింది. తరళ చూసి, తనే ఇస్త్రీ చేసింది.

ఆ మర్నాడే ఆవరణలో ఘోరం జరిగింది. లక్ష్మునాయుడు ఎప్పట్లాగే బకెట్టు కొట్టాడు. నూకాలు కదల్లేదు. అలసట కాబోలనుకుని దగ్గరికి వెళ్లి, మాంసం ముందు పెట్టి, గొంతు కింద గోకడానికి చెయ్యి చాపాడు. అది ఆ చేతిని పట్టుకుంది. గేటు దగ్గరున్నవాళ్లు కర్రలతో పరిగెత్తేలోపు మోచెయ్యి కింద మాంసం లేదు. ప్రాణం దక్కింది గాని చెయ్యి తీసేశారు.

ఆసుపత్రిలో కౌసల్య మంచం పక్కన కూర్చుంటే అతను గోడవైపు చూస్తూ పడుకున్నాడు.

"తప్పు నాదే అమ్మా. నిద్ర లేచింది, బెదిరిపోనాది. నానే తొందరపడ్డాను."

"అంతే అయ్యుంటుంది. కొన్నాళ్లకి అలవాటవుతుంది" అంది కౌసల్య. అన్నప్పుడు నిజంగానే అలా అనుకుంది.

అలవాటు కాలేదు. కానీ మిగతాదంతా పుస్తకంలో రాసినట్టు జరిగింది. మగ ఉడుము వచ్చింది, జత కలిసింది, నూకాలు ఇసక తవ్వి గుడ్లు పెట్టింది. అంతరించిపోయిందనుకున్న జాతి నిలబడిందని ప్రపంచమంతా రాశారు. ప్రభుత్వం మనుషుల మీద ప్రయోగానికి విడిగా ఒక భవనం మంజూరు చేసింది. ఉమాపతి ఒక సభ పెట్టి, నూకాలు పుట్టిన జంతుశాల నుంచి దాన్ని పెంచిన ముసలాయన్ని కూడా పిలిపించాడు. ఆయన పేరు దురైసామి. పంచె కట్టుకుని, ఊతకర్రతో, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు.

గ్రిల్లు దగ్గరికి వెళ్లి కాసేపు చూశాడు. తరవాత నాలుక అంగిలికి ఆనించి టక్ టక్ టక్ మని చప్పుడు చేసి, "కన్నూ, వా, వా" అని తమిళంలో రమ్మని పిలిచాడు.

నూకాలు తలెత్తింది. నాలుక చాపింది. తరవాత అంత పెద్ద ఒళ్లు ఊపుకుంటూ తిన్నగా గ్రిల్లు దాకా వచ్చి, ముసలాయన ఎదురుగా దవడ ఎత్తి నిలబడింది. ఆయన ఊచల మధ్య నుంచి రెండు వేళ్లు పెట్టి గొంతు కింద గోకాడు. అది కళ్లు మూసుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి. ఎన్నేళ్లయినా మరిచిపోలేదు చూడండి అని ఎవరో మంత్రి అంటున్నాడు. ఒంటిచెయ్యి లక్ష్మునాయుడు జనం వెనకాల బకెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. కౌసల్య వెనక్కి తిరిగి అతని మొహం చూసింది.

సభ ముగియకుండానే ప్రయోగశాలకి వెళ్లిపోయింది. ఎండబెట్టి లేపిన పాచి ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఇన్నేళ్లూ ముక్క మొత్తం పచ్చబడిందా లేదా అనే చూశారు. ఇప్పుడు ఒక్కొక్క కాడనీ విడదీసి చూసింది. పై చిగుళ్లలో చాలావరకూ గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. అవి లేవలేదు. మొదలు దగ్గర, మట్టిని అంటిపెట్టుకున్న చోట, పాత భాగం బతికి ఉంది. కొత్త చిగుళ్లన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి. పైనున్నది పోయింది, కింద నుంచి మళ్లీ మొలిచింది. పైనించి చూసేవాడికి అదంతా ఒకటే పచ్చదనం.

తొండల మెదళ్లు తీసి చూడటానికి ఆవిడకి ఆరు వారాలు పట్టింది. అక్కడా అదే. చివరగా అల్లుకున్న నరాల కొసలు పాకాన్ని తట్టుకోలేదు. ముందెప్పుడో అల్లుకుని ముదిరినవి తట్టుకున్నాయి. తెగిన చోట మళ్లీ కొత్తవి పెరుగుతున్నాయి, ఖాళీగా. నూకాలుకి గుడ్డు పగలగొట్టుకుని వచ్చినప్పటి మనిషి గుర్తున్నాడు. ఆ తరవాత విశాఖపట్నంలో గడిపిన బతుకంతా దాని తలలో లేదు. దాన్ని తీసేసింది లేపడం కాదు, ఎండబెట్టడమే. గాజుపెట్టెలో ఇంకో వందేళ్లుంచినా పోయింది తిరిగి రాదు.

*

ఉమాపతి అంతా విని, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అది జంతువు కౌసల్యా. తెలిసినవాణ్ని కరిచిందని, తెలియనివాడి దగ్గరికి వెళ్లిందని మనిషికీ అదే అవుతుందనగలమా?"

"తెలియనివాడి దగ్గరికి వెళ్లలేదు సార్. ముందు తెలిసినవాడి దగ్గరికి వెళ్లింది."

"సరే. పాచికి లేని నష్టం..."

"పాచికి తెలిసినవాళ్లెవరూ లేరు సార్, మరిచిపోవడానికి."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద కొత్త భవనం ముందు షామియానా వేసి ఉంది. దానికింద మనుషులు. ఎక్కడెక్కడి నుంచో రోగుల్ని మోసుకుని వచ్చినవాళ్లు.

"వాళ్లకి వెళ్లి చెప్పు. ఒక ఉడుము బకెట్టు చప్పుడికి రావట్లేదు కాబట్టి మీరు చచ్చిపోండి అని. నేను చెప్పలేను" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

కౌసల్య మెట్లు దిగి వెళ్లింది. షామియానా అంచున ఒకామె ఏడేళ్ల పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని విసురుతోంది. పేరు సత్యవేణి, తుని దగ్గర పల్లెటూరు. పాపకి రక్తంలో జబ్బు, ఎన్ని వైద్యాలకీ లొంగలేదు. భవనం తెరవగానే మొదటి వరసలో ఎండబెట్టేది ఆ పాపనే అని చెప్పారట.

"మీ ఆయన్ని మీరే పడుకోబెట్టారంట కదండీ డాక్టరమ్మా? నొప్పుంటాదా?"

"ఉండదు."

"మరైతే ఫర్లేదు. ఇది సూదంటే భయపడతాది." పాప కళ్లు తెరవకుండానే తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. "పదేళ్లకైనా మందొస్తే చాలండి. నేను ముసల్దాన్నయిపోయినా ఫర్లేదు. అమ్మా అని లేచొస్తాది."

నూకాలుకి కింద ఏదో మిగిలింది, మొదటి యజమాని, మొదటి పిలుపు. జోగారావుకి మిగలడానికి ఏభై ఏళ్లున్నాయి. ఏడేళ్ల పిల్లకి పైనున్నది పోతే కింద ఏముంటుంది? అమ్మ అనే మాట ఉంటుందా? కౌసల్య అక్కడ నిలబడలేకపోయింది.

ఉడుము సాక్ష్యం చాలదన్నారు. మనిషి కావాలి. ఎండిన మనిషి దేశంలో ఒక్కడే ఉన్నాడు.

ఇంటికి వెళ్లి తరళకి చెప్పింది. తరళ ఇప్పుడు డిగ్రీలో ఉంది. మొత్తం విని, "లేపొద్దు" అంది.

"తరళా..."

"నాన్నకి మాటిచ్చావు. మందు రాలేదు. లేపితే చచ్చిపోతాడు."

"లేపకపోయినా, మీ నాన్న..."

"నీకు తెలీదు! నువ్వు తొండల్ని కోసి చూశావు. నాన్నని చూడలేదు. అలా ఉండనీ. అలా ఉంటే నేను రోజూ పొద్దున్నే లేచి, నాన్న ఉన్నాడు అనుకుంటాను. అదైనా ఉండనీ నాకు."

"అక్కడ షామియానా కింద పిల్లలున్నారు."

"వాళ్లకోసం నాన్నని చంపుతావా?"

కౌసల్య అవునని అనలేకపోయింది, కాదని అనడం అబద్ధమవుతుంది. కూతురి తల మీద చెయ్యి వెయ్యబోతే ఆ పిల్ల తప్పుకుంది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేసింది.

*

నీళ్లు ఎక్కించడం కౌసల్య ఇంకొకరికి అప్పజెప్పలేదు. ఉమాపతీ, ఇద్దరు వైద్యులూ గోడవారన నిలబడ్డారు. అట్టలా ముడుచుకున్న మొహం మీద బుగ్గలు వచ్చాయి. పెదాలు వచ్చాయి. ఆ మొహాన్ని ఆవిడ మరిచిపోయిందనుకుంది గాని ఏదీ మరిచిపోలేదు, ఎడమ కనుబొమ మీది గాటుతో సహా. మర్నాడు మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచాడు. తరళ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

జోగారావు గది చుట్టూ చూశాడు. కౌసల్య మీద చూపు ఆగింది.

"సిస్టర్, మా అమ్మకి కబురు పెట్టారా?" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "భీమిలిలో ఉంటుంది. ఆవిడకి చెప్పకపోతే కంగారుపడుతుంది. సోమవారం నాకు ప్రాక్టికల్స్ కూడా ఉన్నాయి."

ఆయన తల్లి పోయి పద్దెనిమిదేళ్లయింది. ఉమాపతి మొహం చేతుల్లో దాచుకున్నాడు. కౌసల్య మంచినీళ్లు పట్టి, "కబురు పెడతాం, పడుకోండి" అంది. తలుపు దగ్గర తరళ లేదు.

ఆ వారమే కొత్త భవనానికి తాళం వేశారు. షామియానా విప్పేశారు. సత్యవేణి పాపని ఎత్తుకుని బస్సెక్కింది. వెళ్తూ కౌసల్య వైపు చూసిన చూపులో కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనదేననిపించింది కౌసల్యకి. రెండు నెలలకి పాప పోయిందని తెలిసి తుని వెళ్లింది. సత్యవేణి ఆవిణ్ని గుమ్మంలోనే నిలబెట్టింది.

"పోయేముందు అమ్మా అనే అందండి. అందరూ అదే చెప్తున్నారు, అమ్మా అంటూ పోయింది కదా అని. నాకు అది చాల్లేదండి" అంది. తరవాత పక్కకి జరిగి, లోపలికి రమ్మని చాప వేసింది. ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

*

జోగారావుని ఇంటికి తెచ్చారు. విషయం మెల్లగా చెప్పారు. అద్దం చూపించారు. నెరిసిన జుట్టు ముట్టుకుని చూసుకుని, ఇరవై రెండేళ్ల కుర్రాడిలా భోరుమన్నాడు. తల్లి పోయిందని చెప్పినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తరవాత తేరుకున్నాడు. సహజంగా మంచితనం ఉన్న కుర్రాడు. కౌసల్యని మేడమ్ అనేవాడు. ఆవిడ ఎదురుగా మంచం మీద కాళ్లు చాపుకోవడానికి మొహమాటపడేవాడు. ఆవిడ అన్నం వడ్డిస్తుంటే, "మీకెందుకండీ శ్రమ" అనేవాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో అతనికి తెలియదు.

తరళని చెల్లెమ్మా అని పిలిచాడు. మొదటిసారి పిలిచినప్పుడు ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అతను బిక్కమొహం వేశాడు. "తప్పుగా అన్నానా మేడమ్? నా వయసు పిల్లని ఇంకేమని పిలవను?"

ఒకసారి తన జబ్బు గురించీ, ఎండబెట్టడం గురించీ కౌసల్యని వివరంగా అడిగాడు. చెప్తుంటే కళ్లు మెరిశాయి. "అబ్బ! ఎవరు కనిపెట్టారండీ?" అన్నాడు. ఆవిడ చెప్పింది. అతను కాసేపు తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఉడుము పిల్లలు పుట్టాయి. వాటిని దేశదేశాలకి పంపుతున్నారు. లక్ష్మునాయుడు మళ్లీ పనిలో చేరాడు. నూకాలు ఆవరణలో కాదు, పిల్లల దగ్గర. ఒంటిచేత్తోనే ముక్కలు కోసి పెడతాడు. ఒక ఆదివారం జోగారావుని చూడటానికి వచ్చి, "బావున్నారా బాబూ?" అన్నాడు. వచ్చినవాడెవరో తెలియక, పెద్దవాడు కదా అని లేచి నిలబడి నమస్కారం పెట్టాడు జోగారావు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి జోగారావు ఊపిరి బాగా కుంచించుకుపోయింది. ఆక్సిజన్ సిలిండర్ మంచం పక్కకి వచ్చింది. రోజుల్లోకి వచ్చిందని కౌసల్యకీ తెలుసు, అతనికీ తెలుసు. ఒక సాయంత్రం, ముసురు పట్టి ఉంది, కౌసల్య అతనికి జావ తాగిస్తోంది.

"మేడమ్, ఒకటి అడుగుతాను. అడగొచ్చో లేదో" అన్నాడు.

"అడుగు." కొన్నాళ్లుగా ఆవిడకి తెలియకుండానే నువ్వు అనేస్తోంది.

"మీ ఆయన ఎలాంటివాడు?"

కౌసల్య చెంచా గిన్నెలో పెట్టింది.

"ఫొటోలు చూశాను. ఆయన రాసినవి చదివాను, సగమే అర్థమయ్యాయి. కానీ మనిషెలాంటివాడో తెలీదు. ఇంట్లో ఎవరూ ఆయన గురించి మాట్లాడుకోరు. నేనున్నాననే కదా? ఆయన మంచం మీద నేను పడుకుని ఉంటే, ఆయన పోయాడని మీరు ఏడవడానిక్కూడా లేదు."

కౌసల్య మొదలుపెట్టింది. గురక పెట్టేవాడంది. నిద్రలో కాదు, పేపరు చదువుతూ. ఉప్పు ఎక్కువైనా చెప్పేవాడు కాదు, తక్కువైతే వీధి వీధంతా వినపడేలా చెప్పేవాడు. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు జేబులో అగ్గిపెట్టె ఉంది, అందులో ఏదో పురుగు. అది మా అత్తయ్య ఒళ్లోకి దూకింది. ఇంట్లో అందరూ వద్దన్నారు, నేను ఒప్పుకున్నాను.

జోగారావు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. ఆవిడ వీపు రాసింది.

"అబద్ధాలాడేవాడు" అంది వెనక నుంచి ఎవరో. తరళ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. "నాకు సైకిల్ నేర్పేటప్పుడు వెనకాల పట్టుకున్నానని చెప్పి వదిలేశాడు. మోకాలు చిట్లింది. ఇంటికొచ్చాక అమ్మతో, గేదె అడ్డమొచ్చింది అన్నాడు."

"గేదె అనే నమ్మాను ఇన్నాళ్లూ" అంది కౌసల్య.

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని నెలల తరవాత అదే మొదటిసారి. తరళ వచ్చి మంచం అవతలి అంచున కూర్చుంది. ఆయనకి తుఫానంటే భయమని, మామిడిపండు తింటే చొక్కా విప్పేసేవాడని, లెక్కల్లో సున్నా వస్తే తనకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి అమ్మకి చెప్పొద్దన్నాడని చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. కౌసల్యా ఏడ్చింది. జోగారావు ఇద్దరి మధ్యా మాస్కు సర్దుకుంటూ, ఒక్క మాట కూడా జారిపోకుండా విన్నాడు.

వాళ్లు అలిసిపోయి ఊరుకున్నాక, మాస్కు కాస్త పక్కకి జరిపాడు.

"మంచివాడే. ఒక్కసారి ఆయన్ని కలిసుంటే బాగుండేది" అన్నాడు.